ఎడమకు పోయిన బాణం

"ఈ బాణాన్ని ఆ వింటికి ఎక్కించి చూపించండి, ఇన్‌స్పెక్టరు గారూ" అన్నాడు డేవిడ్‌రాజు.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు నరసింగరావు అప్పటికే కేసు ముగించేసి టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. భావనపాడు ఒడ్డునున్న జగన్నాధం గారి బంగళా వరండాలో బల్ల మీద రెండు వస్తువులు పరిచి ఉన్నాయి. ఒకటి సవర లక్ష్ముడి గుడిసెలో దొరికిన వెదురు విల్లు. రెండోది, అదే వరండాలో సాయంత్రం వేళ భార్య పక్కన కూర్చుని కాఫీ తాగుతున్న జగన్నాధం గారి గొంతులో దిగిన బాణం. లక్ష్ముడు మెట్ల కింద ఇసకలో బేడీలతో కూర్చున్నాడు. వాణ్ణి శ్రీకాకుళం తీసుకుపోవడానికి వేన్ సిద్ధంగా ఉంది.

"ఎక్కించడానికేముంది?" నరసింగరావు నవ్వాడు. "నేను పార్వతీపురం ఏజెన్సీలో పనిచేసినవాణ్ణి. మీరు విజయనగరంలో కుర్చీలో కూర్చుని డిటెక్టివ్ పని నేర్చుకుంటున్న రోజుల్లోనే నేను విల్లు పట్టాను."

వింటిని అందుకుని, బాణం తోకను తాడుకు ఆనించాడు. అది పట్టలేదు. మళ్ళీ ఆనించాడు. కొండవాళ్ళ వింటికి తాడు నూలుది కాదు. వెదురు బద్దను చీల్చి చెక్కిన బద్దీ అది, చిటికెన వేలంత వెడల్పు. బాణం తోకలో కోసిన గాడి మాత్రం సన్నటి చీలిక.

"గట్టిగా నొక్కితే పడుతుంది."

"నొక్కితే చీలుతుంది. సాక్ష్యం ఎలా చీలిందో కోర్టులో మీరే చెప్పుకోవాలి."

నరసింగరావు విల్లు బల్ల మీద పెట్టేశాడు. "ములికి కొండోళ్ళది. కర్ర కొండోళ్ళది. ఒరే లక్ష్ముడూ, ఈ బాణం నీదా కాదా?"

లక్ష్ముడు తల ఎత్తకుండానే అన్నాడు. "మా ఊరిదే బాబూ. సంతకి తెస్తాం, అడిగినోలకల్లా అమ్మేస్తాం. ఎవుడు కొన్నాడో నానేటి సెప్పను?"

"విన్నారుగా. వీళ్ళదేనని వాడే ఒప్పుకుంటున్నాడు. కొండల్లో ఈ తిరుగుబాటు ఎలా ఉందో మీకు తెలీదు. పైనుంచి పూటకో వైర్‌లెస్ మెసేజీ. భూస్వామిని బాణంతో చంపితే ఎవరు చంపారని అడిగేవాడెవడూ లేడు."

"అందుకేగా చంపినవాడు బాణాన్ని ఎంచుకున్నాడు" అన్నాడు డేవిడ్‌రాజు. "వీణ్ణి వేనెక్కించారంటే రేపు తెల్లారేసరికి వీడి ఊరంతా లాఠీల కింద ఉంటుంది. నన్ను పిలిపించిన జగన్నాధం గారి భార్య సుభద్రమ్మ గారి భయం కూడా అదే. పద్దెనిమిదేళ్ళుగా తన జీడితోట కాస్తున్న మనిషి మీద ఆవిడకు అనుమానం లేదు. నాకూ లేదు. ఈ గాడి నూలు తాడుకి కోసినది. అలాంటి తాడున్న విల్లు ఈ చుట్టుపక్కల ఒకటే ఉందని తెలిసింది. విల్లునీ, విల్లుగల మనిషినీ పిలిపించాను."

హాల్లోంచి ఒకామె బయటికి వచ్చింది. ముప్పయ్యేళ్ళు దాటని మనిషి. కొంగు నడుముకు దోపిన తెల్లచీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు. నరసన్నపేట మిషను బడిలో ఆడపిల్లలకు డ్రిల్లు నేర్పే జ్ఞానసుందరి. చేతిలో పొడవాటి గుడ్డ సంచి.

"కూర్చోండి టీచరు గారూ."

"నిలబడే మాట్లాడతాను. విల్లు సంగతి కూర్చుని చెప్పేది కాదు."

సంచి విప్పింది. పాలిషు పెట్టిన కర్ర. రెండు కొసలూ నాగలి కర్రులా ముందుకు వంపు తిరిగి ఉన్నాయి. బడి నడిపిన దొరసాని దేశం వెళ్ళిపోతూ ఆమెకు ఇచ్చి వెళ్ళిన విల్లు. నరసింగరావు దాన్ని చూసిన చూపులో ఆశా అసూయా రెండూ ఉన్నాయి.

"తాడు ఎక్కించండి" అన్నాడు డేవిడ్‌రాజు.

జ్ఞానసుందరి ఒక కాలు వింటికీ తాడుకీ మధ్యగా వేసి, కింది కొసను రెండో కాలి మడమకు తగిలించి, పైభాగాన్ని తొడ మీదుగా వంచి తాడు ముడిని గాడిలోకి జార్చింది. అంతా ఒక్క ఊపులో అయిపోయింది. తర్వాత పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టి, వింటి పిడికీ తాడుకీ మధ్య ఆనించి చూసింది. బొటనవేలికి చోటు చాల్లేదు. వేలు నిలబెట్టకుండానే తాడు పిడికిలిని రాసుకుంటోంది.

"ఎవరో ముట్టుకున్నారు" అంది.

"ఎలా చెప్పగలరు?"

"పిడికిలీ, దాని మీద నిలబెట్టిన వేలూ, అంత ఎడం ఉండాలి. నేను తాడుకి మెలికలు వేసి అంత బిగువుగానే ఉంచుతాను. ఎవరో ఎక్కించేటప్పుడు మెలికలు విప్పేశారు. తాడు పొడుగైపోయింది."

"విల్లు ఎక్కడ ఉంటుంది?"

"డ్రిల్లు సామాన్ల గదిలో గోడకి."

"తాళం?"

"ఆ గదికి ఏనాడూ తాళం లేదు. లెజిమ్‌లూ, తాళ్ళూ ఎవరు పట్టుకుపోతారండి?"

"జగన్నాధం గారు చనిపోయిన సాయంత్రం మీరెక్కడున్నారు?"

"హాస్టల్లో. ప్రార్థన చదివింది నేనే. అరవై మంది పిల్లలు ఉన్నారు, అడగండి."

డేవిడ్‌రాజు ఆమె ముఖంలోకి చూశాడు. ఈ జవాబులన్నీ ముందే దువ్వి పెట్టుకున్నట్టున్నాయి. "జగన్నాధం గారు మీకు తెలుసా?"

మొదటిసారి ఆమె కళ్ళు ఎత్తి తిన్నగా చూసింది. "మా నాన్నని కౌలు చేలోంచి గెంటించినాయన. కోతకొచ్చిన చేను. మా నాన్న ఆ గట్టు మీదే పురుగుల మందు తాగేడు. తెలీకుండా ఎలాగుంటాది?"

అంతవరకూ పుస్తకంలా మాట్లాడిన మనిషి నోట ఒక్కసారిగా ఊరి యాస వచ్చేసింది. అది దాచుకున్న మాట కాదు. తన మీద అనుమానం వస్తుందని తెలిసి కూడా చెప్పిన మాట. డేవిడ్‌రాజుకు ఆమె మీద గౌరవం కలిగింది. గౌరవంతో పాటు అనుమానం కొంత పలచబడింది కూడా.

నరసింగరావు మాత్రం వెంటనే అందుకున్నాడు. "అయితే ఇంకేం. విల్లు ఈమెది, పగ ఈమెది."

"ఇంతకుముందే మీ కేసు లక్ష్ముడి మీద ముగిసిందిగా."

"మీరే తెరిచారు."

"తెరిచాక లోపల చూడాలి కదా. రండి, తోటలోకి పోదాం."

బంగళాకు ఎదురుగా సరుగుడు తోట. మొదటి వరస చెట్ల వెనక రాలిన ఆకు పరుపులా పరుచుకుంది. పోలీసుల బూట్లు దాన్ని అటూ ఇటూ తొక్కేశాయి. డేవిడ్‌రాజు కింద చూడలేదు, పైన చూశాడు. వరండా వైపు తిరిగి ఒక్కో చెట్టు దగ్గరా విల్లు పట్టినట్టు చేతులు చాచి నిలబడ్డాడు. నాలుగో చెట్టు దగ్గర ఆగిపోయాడు. భుజం ఎత్తున ఒక కొమ్మను కత్తితో కోసేశారు. కోసిన చోట జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.

"ఇక్కణ్ణించి" అన్నాడు. "కొమ్మ అడ్డం లేకపోతే బెంచీ తిన్నగా కనబడుతోంది. ముప్పై గజాలు ఉండొచ్చు. ఆ సాయంత్రం బెంచీ మీద ఎవరెవరు ఎటు కూర్చున్నారు?"

"ఇక్కణ్ణించి చూస్తే ఎడమ పక్క జగన్నాధం, కుడి పక్క ఆయన భార్య" అన్నాడు నరసింగరావు. "మధ్యలో కాఫీ పళ్ళెం. ఇవన్నీ నా పంచనామాలో ఉన్నాయి."

"మంచి పంచనామా. ఇప్పుడు మీరు బాణం వెయ్యాలి."

"నేనా?"

"టీచరు గారు వేస్తే, కావాలని తప్పు వేసిందని రేపు మీరే అంటారు. నేను వేస్తే బంగళా కప్పుకి తగులుతుంది. ఏజెన్సీలో విల్లు పట్టినవారు మీరొక్కరే."

నరసింగరావు కాసేపు మీసం సవరించుకున్నాడు గాని, పొగడ్తకు పడిపోయాడు. బంగళా కాపలాదారు నూకయ్య చేత రెండు గోనె సంచుల్లో గడ్డి కుక్కించి బెంచీ మీద, వాళ్ళిద్దరూ కూర్చున్న చోట్లలో నిలబెట్టించారు. లక్ష్ముడి గుడిసెలో పట్టుకున్న బాణాల్లోంచి మూడు ఏరి, డేవిడ్‌రాజు పెన్నుకత్తితో వాటి తోకల్లో సన్నటి గాడి కోశాడు.

"తాడు బిగించమంటారా?" అని అడిగింది జ్ఞానసుందరి.

"వద్దు. దొరికినట్టే ఉండనివ్వండి."

"అయితే చేతికి ఏదైనా కట్టుకోమనండి."

"నాకేం అక్కర్లేదు" అన్నాడు నరసింగరావు.

కుడిపక్క సంచికి గురి చూసి లాగి వదిలాడు. తాడు చెళ్ళుమంది. ఇన్‌స్పెక్టరు పళ్ళు కొరికి మూలిగాడు. బాణం కుడి సంచికి తగల్లేదు. ఎడమ సంచి నడినెత్తిన దిగబడి ఊగుతోంది.



"గాలి" అన్నాడు నరసింగరావు.

"సరుగుడు ఆకు కదలడం లేదు. మళ్ళీ వెయ్యండి."

రెండోదీ కుడి సంచికే గురి పెట్టాడు. అదీ ఎడమకే పోయింది, సంచి అంచున చీల్చుకుని గోడకు కొట్టుకుంది. మూడోది వేసేసరికి ఇన్‌స్పెక్టరు మోచేతి లోపల వాతలు తేలి చర్మం కందగడ్డలా కమిలిపోయింది.

డేవిడ్‌రాజు ఆమె వైపు తిరిగాడు. "ఎందుకని?"

జ్ఞానసుందరి గుడ్డ సంచిలోంచి తన బాణం ఒకటి తీసింది. చెక్క బాణం, సన్నగా, నున్నగా ఉంది. రెండు కొసలూ పట్టుకుని బొటనవేళ్ళతో నడుం దగ్గర నొక్కితే కొంచెం వంగి మళ్ళీ తిన్నగా అయింది. కొండ బాణాన్ని అలాగే నొక్కితే కదల్లేదు.

"బాణం తిన్నగా పోదండి" అంది. "వింటి పిడి అడ్డం ఉంటాది కదా. వదలగానే బాణం పాములా వంగి, పిడిని తప్పుకుని, అవతల తిన్నగా అవుతుంది. వింటి బలానికి తగ్గ బాణం అయితే ఎంత వంగాలో అంతే వంగుతుంది. లావు బాణం వంగదు. పిడిని ఒరుసుకుని ఎడమకి నెట్టుకుపోతుంది. అందుకే ముందు విల్లు చూసి తర్వాత బాణం ఏరుకోవాలి. ఇనస్పెక్టరు గారిని నా బాణంతో వెయ్యమనండి."

నరసింగరావు వేశాడు. సన్నటి బాణం కుడి సంచి నట్టనడుమ దిగింది.

"అంటే" జ్ఞానసుందరి నెమ్మదిగా అంది, "ఆ రోజు వేసినవాడు గురి పెట్టింది ఎడమ పక్క మనిషికి కాదేమో."

డేవిడ్‌రాజు బెంచీ మీది రెండు సంచుల వైపూ చూశాడు. రెండు రోజులుగా జగన్నాధానికి పగవాళ్ళు ఎవరా అని తల బద్దలు కొట్టుకుంటున్నాడు. అడగాల్సిన ప్రశ్న అది కాదు.

"సుభద్రమ్మ గారు పోతే ఎవరికి లాభం?"

నరసింగరావు కమిలిన చెయ్యి రుద్దుకుంటూ, ఈసారి పోటీ మరిచిపోయి జవాబు చెప్పాడు. "వాళ్ళకి పిల్లల్లేరు. వచ్చే నెలలో ఆవిడ తన చెల్లెలి కొడుకుని దత్తత తీసుకోబోతోంది. ముహూర్తం కూడా పెట్టేశారు. జగన్నాధానికి పెద్ద ఇష్టం లేదంటారు, ఆవిడ పట్టుదలే. అది ఆగిపోతే ఆస్తంతా తమ్ముడు చినబాబుది. కానీ చినబాబు ఆ సాయంత్రం కారేసుకుని కోటబొమ్మాళి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అన్న పడిపోయి ఉన్నాడు. శవం మీద పడి ఏడ్చిన ఏడుపు నేను చూశాను డేవిడ్‌రాజు గారూ. అది నాటకం కాదు. తల్లీ తండ్రీ లేనివాణ్ణి అన్నే పెంచాడు."

"కారు కోటబొమ్మాళిలో ఉండటం ఎవరు చూశారు?"

"కారు వెళ్ళడం చూశారు, రావడం చూశారు."

"మధ్యలో తోట వెనక ఆగినా ఎవరూ చూడరన్నమాట. ఏడుపు నాటకం కాదని నాకూ తెలుసు. వదినని చంపబోయి, పెంచిన అన్నని చంపుకున్నవాడు అలాగే ఏడుస్తాడు."

బాణాలు ఏరుకొస్తున్న నూకయ్య ఇన్‌స్పెక్టరు చెయ్యి చూసి ఆగిపోయాడు. "ఏటి బాబూ, తమకీ ఇలాగైపోనాదా?"

"తమకీ అంటే?"

"సినబాబుకీ ఇదే సెయ్యి, ఇదే సోట కమిలిపోయి ఉన్నాది. కారు తలుపు కొట్టుకున్నాదని పసుపు అడిగేరు. మా ఆడది నూరి ఇచ్చింది."

"చినబాబు ఇప్పుడెక్కడ?"

"అస్తికలు కలపడానికి సంద్రం మీదకి ఎల్లేరు కదా బాబూ. నా పడవే అట్టుకెల్లేరు. నాను తెడ్డేస్తానంటే వొద్దన్నారు. సుభద్రమ్మగోరిని కూడా ఎక్కించుకున్నారు. ఆడోలు ఎల్లకూడదు బాబూ అని సెప్పేను, ఇనలేదు."

డేవిడ్‌రాజు అప్పటికే పరిగెడుతున్నాడు.

ఒడ్డున అలలు విరిగే చోటికి అవతల, నూకయ్య పడవ చిన్న మచ్చలా కనబడుతోంది. అందులో ఒకరు నిలబడి ఉన్నారు, ఒకరు కూర్చున్నారు. కూర్చున్న మనిషికి ఈత రాదని డేవిడ్‌రాజుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కేక వేస్తే అలల హోరులో తన మాట తనకే వినబడలేదు. నూకయ్య ఒడ్డు మీదున్న తెప్పను ఒక్కడే ఈడ్చాడు. అందులోకి మొదట దూకినవాడు నరసింగరావు, బూట్లతో సహా. మొదటి అల ముగ్గుర్నీ నడినెత్తి దాకా ముంచి లేపింది. ఇన్‌స్పెక్టరు రివాల్వరు తీసి విదిలిస్తే గొట్టంలోంచి నీళ్ళు కారాయి.

"అదుగో, కూర్చున్నాడు" అన్నాడు నూకయ్య.

నిజమే. నిలబడ్డ మనిషి కూర్చున్నాడు. ఇప్పుడు పడవలో రెండు తలలూ కనబడుతున్నాయి. ఎందుకో పడవ అక్కడే తేలుతోంది, ఎటూ పోవడం లేదు.

తెప్ప పడవ దగ్గరికి చేరేసరికి చినబాబు తెడ్డును మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. పాతికేళ్ళ మనిషి, చిన్న పిల్లాడిలా ఎక్కిళ్ళు పెడుతున్నాడు. ఎదురుగా సుభద్రమ్మ ఖాళీ అయిన కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు గాని, గొంతు వణకలేదు.

"తుపాకీ దించండి బాబూ. ఈడు నాకు సెప్పేసేడు."

"ఏం చెప్పాడమ్మా?"

"నన్ను ముంచేద్దారనే తెచ్చేడంట. మీ అన్నని కలిపేక ముంచరా, ఆయన సూత్తుండగా వొద్దు అన్నాను. కుండ వొంపేసేను. అప్పుడు ఈడికి సెయ్యి లెగలేదు."

చినబాబు తల ఎత్తాడు. "నాను అన్నయ్యకి ఎయ్యలేదు" అన్నాడు. "ఒదినకే పెట్టేను గురి. నాను తప్పేసే మనిషిని కాను. ఆరు నెలలై నేర్చుకున్నాను. అదే దూరం, అదే విల్లు. ఒక్కటీ తప్పలేదు. ఆ రోజే ఎలా తప్పిందో నాకు తెలవదు."

డేవిడ్‌రాజు పడవ అంచు పట్టుకుని ఆగాడు. ఆరు నెలలు. అదే విల్లు. తాళం లేని గదిలో గోడకు వేలాడే విల్లు.

"నేర్చుకున్నది ఏ బాణాలతో?"

"సన్నటి చెక్క బాణాలు."

"మరి ఆ రోజు లావు బాణం ఎందుకు ఏరుకున్నావు?"

"నాను ఏరలేదు." చినబాబు ఆశ్చర్యంగా చూశాడు. ఇది ఎవరో అడుగుతారని అతను అనుకోలేదు. "టీచరమ్మే ఇచ్చింది. కొండోళ్ళ బాణం అయితే నీ మీద అనుమానం రాదంది. గాడి కూడా తనే కోసి ఇచ్చింది. గురి మాత్రం మార్చొద్దు, నేర్పినట్టే వెయ్యి అంది."

 గురి మార్చొద్దు. డేవిడ్‌రాజు ఆ మాటను లోపల రెండుసార్లు తిప్పుకున్నాడు. చినబాబు చంపదలచింది ఒకరిని. అతని చేత ఆమె చంపించింది ఇంకొకరిని. పైగా ఇవాళ, అరవై మంది పిల్లల ప్రార్థన వెనక నిలబడి, తనకు కావలసినంతే చెప్పి, డేవిడ్‌రాజును తిన్నగా చినబాబు మీదకు నడిపించింది. గురి పెట్టింది ఎడమ పక్క మనిషికి కాదేమో అని అందించింది ఆమే. తను అందుకుని పరిగెత్తాడు.

"లక్ష్ముణ్ణి వదిలెయ్యాలి" అన్నాడు నరసింగరావు, ఎవరూ అడగకుండానే. తర్వాత గొంతు మారింది. "డేవిడ్‌రాజు గారూ. విల్లు ఎక్కడ వదిలేశాం?"

ముగ్గురూ ఒక్కసారే ఒడ్డు వైపు తిరిగారు.

అలల అంచున తెల్లచీర మనిషి ఒంటరిగా నిలబడి ఉంది. కాన్వాసు బూట్లు విప్పేసింది. చేతిలో విల్లు ఉంది. దాని తాడుకు ఒక్కో మెలికా వేస్తూ, పిడికిలి ఆనించి చూసుకుంటోంది. వేను దగ్గరున్న కానిస్టేబుళ్ళు ఇద్దరూ లక్ష్ముడికి అటూ ఇటూ కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఆమెను వాళ్ళు పట్టించుకోలేదు. ఇన్‌స్పెక్టరు గారు పిలిపించిన సాక్షి కదా.

"నూకయ్యా, ఇంకో చోట ఒడ్డు ఎక్కలేమా?"

"అటు రాళ్ళు బాబూ, ఇటు ఏరు కలిసే మొగ. పోటు ఎక్కుతున్నాది. మనం తెడ్డెయ్యకపోయినా అదే మనల్ని అక్కడికి అట్టుకుపోతాది."

టీచరమ్మ పేరు చెప్పగలవాడు చినబాబు ఒక్కడే. సుభద్రమ్మ మరిది భుజం పట్టి పడవ అడుక్కి వంచింది. తన కొంగు అతని తల మీద కప్పింది.

ఒడ్డు దగ్గరపడుతోంది. జ్ఞానసుందరి వంగి, ఇసకలో గుచ్చిన బాణాల్లోంచి ఒకటి తీసింది. నడుం దగ్గర బొటనవేళ్ళతో వంచి చూసి, పక్కన పెట్టేసింది. ఇంకొకటి తీసింది. అది కొంచెం వంగి మళ్ళీ తిన్నగా అయింది. దాన్ని తాడుకు తగిలించింది.